దాయాదుల పోరు ఒక్కటేనా? భారతంలో పాత పగల గురించి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

నాకిచ్చిన టాపిక్ భారతంలో వీరులు, వైరి కుటుంబాలు. ఈ మాట వినగానే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే కదా, అటు వంద మంది, ఇటు అయిదుగురు, మధ్యలో హస్తినాపురం. క్రికెట్ మ్యాచ్ అయినా ఎలక్షన్ అయినా పేపర్లవాళ్ళు దాయాదుల పోరు అని హెడ్డింగ్ పెట్టేస్తారు. దాయం అంటే వారసత్వపు ఆస్తి, అందులో వాటా ఉన్నవాడు దాయాది. అంటే గొడవ ఆ మాటలోనే కూర్చుని ఉంది. మా నాన్నకీ ఆయన చిన్నాన్న కొడుక్కీ ఒక గట్టు తగాదా ఉండేది, పొలం మధ్య మూరెడు గట్టు, దానికోసం పధ్నాలుగేళ్ళు మాటల్లేవు, మేం పిల్లలం వీధిలో ఎదురుపడితే నవ్వాలో తల తిప్పుకోవాలో తెలిసేది కాదు. అందుకేనేమో ఈ కథలో నాకు ఎప్పుడూ పెద్దవాళ్ళ కంటే పిల్లల మీదే చూపు పోతుంది, అంటే పగ పుట్టించినవాడి మీద కంటే ఆ పగని అందుకున్నవాడి మీద.

ఒక లెక్క చూడండి. మొత్తం 18 అక్షౌహిణులు, 11 అటు, 7 ఇటు. ఒక్క అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు. ఇంతమందికీ హస్తినాపురంలో వాటా లేదు కదా? మరి ఎందుకొచ్చారు? చుట్టరికానికి వచ్చారు, స్నేహానికి వచ్చారు, శల్యుడిలాగా మర్యాదలకి మోసపోయి పక్కదారి పట్టి అవతలి పక్షంలో చేరిపోయినవాళ్ళూ ఉన్నారు, కానీ కథని నిజంగా ముందుకు తోసినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని వెనక్కి వెళ్తే ప్రతి ఇంటికీ ఒక పాత బాకీ ఉంది. కురుక్షేత్రం వాళ్ళకి ఆ బాకీ తీర్చుకునే చోటు. నేను ఇవాళ ధర్మరాజు దుర్యోధనుల గురించి తక్కువ చెప్తాను, అది మీకందరికీ తెలుసు. ఈ పక్క బాకీల గురించి చెప్తాను.

ఇంకో చిన్న సంగతి, కౌరవులు అంటే కురువంశం వాళ్ళు అని అర్థం, ఆ లెక్కన ధర్మరాజు కూడా కౌరవుడే, మూలంలో చాలాచోట్ల పాండవుల్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. వాళ్ళు రెండు కుటుంబాలు అని మనం విడదీసి చెప్పుకుంటాం గానీ ఒక్క ఇల్లే. వేరే ఇల్లు అంటే, అసలైన వైరి ఇల్లు అంటే, పాంచాలం.

అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

భరద్వాజుడి కొడుకు ద్రోణుడు. పాంచాల రాజు పృషతుడి కొడుకు ద్రుపదుడు. తండ్రులిద్దరికీ స్నేహం, అందుకని పృషతుడు తన పిల్లాణ్ణి రోజూ ఆశ్రమానికి పంపించేవాడు, వీళ్ళిద్దరికీ ఆట ఒకచోటే, చదువు ఒకచోటే. నేను రాజునైతే నా భోగాలన్నీ నీవి కూడా అని చిన్నప్పుడు ద్రుపదుడు అన్నాడట. పిల్లలు అంటారు కదండీ అలాంటివి, వాళ్ళ మనసులో నిజంగానే ఉంటుంది ఆ క్షణానికి. తర్వాత అతను రాజయ్యాడు, ఇతను కృపాచార్యుడి తోబుట్టువు కృపిని పెళ్ళి చేసుకున్నాడు, అశ్వత్థామ పుట్టాడు. ఇంట్లో ఏమీ లేదు. పక్కన ఉన్నవాళ్ళ పిల్లలు పాలు తాగుతుంటే చూసి ఈ పిల్లాడు నాకూ పాలు కావాలని ఏడ్చాడు. ద్రోణుడు ఆవు కోసం ఊళ్ళు తిరిగాడు, దొరకలేదు. ఈలోపు మిగతా పిల్లలు పిండి నీళ్ళలో కలిపి ఇవిగో పాలు అని ఇచ్చారు, వీడు తాగేసి పాలు తాగాను పాలు తాగాను అని గంతులేశాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, తండ్రిని కూడా కలిపి నవ్వారు.

నాకు భారతం మొత్తంలో ఇంత చిన్నగా ఉండి ఇంత దూరం వెళ్ళిన సీన్ ఇంకోటి కనబడదు. ఆ పిల్లాడి పేరు గుర్తుపెట్టుకోండి, 18వ రోజు రాత్రి మళ్ళీ వస్తాడు.

అప్పుడు ద్రోణుడికి చిన్నప్పటి స్నేహితుడు గుర్తొచ్చాడు. భార్యాబిడ్డల్ని తీసుకుని వెళ్ళాడు, మిత్రమా అని పిలిచాడు. ద్రుపదుడేమో, రాజుకీ పేదవాడికీ స్నేహమేంటి, స్నేహం సమానుల మధ్య ఉంటుంది, అప్పుడేదో చదువుకునే రోజుల్లో అవసరానికి కలిసి ఉన్నాం అంతే అన్నాడు. ఒక ఆవు ఇచ్చి పంపించేస్తే పోయేది. నిజంగా, ఒక్క ఆవు. నేను ద్రుపదుణ్ణి ఈ చోట క్షమించలేను, లేనివాడికి లేదని చెప్పడం వేరు, నువ్వు నాకెవరివి అని నిండు సభలో అడగడం వేరు.

కానీ ఆ తర్వాత ద్రోణుడు చేసిన పని ఇంకా పెద్దది. హస్తినాపురం వచ్చాడు, బావిలో పడిన బంతిని దర్భపుల్లలతో తీసి చూపించాడు, భీష్ముడు పిలిచి మనవల్ని అప్పగించాడు, వీళ్ళందరికీ విలువిద్య నేర్పాడు, నేర్పి గురుదక్షిణగా ఏమడిగాడు? ద్రుపదుణ్ణి పట్టి తీసుకురండి. అంటే తన పగని తను మోయకుండా, ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాళ్ళ చేతికిచ్చాడు. వాళ్ళకి ద్రుపదుడు ఎవరో తెలీదు, అతనితో ఏ గొడవా లేదు. దుర్యోధనుడి బృందం ముందు వెళ్ళి ఓడిపోయి వచ్చింది, ఆ తర్వాత అర్జునుడు వెళ్ళి పట్టుకొచ్చాడు. ద్రోణుడు చంపలేదు, తిట్టలేదు కూడా. రాజు కానివాడు రాజుకి స్నేహితుడు కాలేడు అన్నావు కదా, అందుకని నీ రాజ్యంలో సగం నేను తీసుకుంటున్నాను, ఇప్పుడు మనం సమానం, ఇప్పుడు స్నేహితులం అన్నాడు. గంగకి ఉత్తరాన అహిచ్ఛత్రం ద్రోణుడికి, దక్షిణాన కాంపిల్యం, మాకంది ద్రుపదుడికి. ఇవేవీ గాల్లో ఊళ్ళు కాదండీ, అహిచ్ఛత్రం ఇవాళ ఉత్తరప్రదేశ్‌లో బరేలీ జిల్లాలో ఉంది, కాంపిల్యం ఫరూఖాబాద్ జిల్లాలో కంపిల్ అనే ఊరు, మీరట్ జిల్లా హస్తినాపూర్‌లో అయితే 1950 నుంచి 52 దాకా పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ తవ్వకాలు కూడా చేశారు. మ్యాప్ తీసి చూస్తే ఈ మూడూ ఇరుగుపొరుగే. కురు, పాంచాల అని జంటగా పిలిచే రెండు రాజ్యాలు.

సరే, ద్రుపదుడు ఇంటికెళ్ళాడు. ఇక నిద్రలేదు. తన కొడుకుల్లో ద్రోణుణ్ణి గెలవగలిగినవాడు లేడు. అందుకని అలాంటి కొడుకుని పుట్టించే యజ్ఞం చేయించేవాళ్ళ కోసం గంగ ఒడ్డున వెతికాడు. యాజుడు, ఉపయాజుడు అని ఇద్దరు అన్నదమ్ములు దొరికారు. చిన్నవాడు ఉపయాజుడు ఒప్పుకోలేదు. ఏడాదిపాటు సేవ చేయించుకుని కూడా నేను చెయ్యను అన్నాడు, అని ఒక మాట చెప్పాడు, మా అన్న ఒకసారి అడవిలో నడుస్తూ కింద పడిన పండు తీసుకున్నాడు, ఆ నేల శుభ్రమైనదో కాదో చూడలేదు, పండు మీదే చూపు, అలాంటివాడు నీ పని చేస్తాడు, వెళ్ళి అడుగు అన్నాడు. ఎంత గొప్ప కొలత అండీ అది. మనిషి ఏ పనికి ఒప్పుకుంటాడో తెలుసుకోడానికి కింద పడిన పండు చాలు.

యాజుడు చేయించాడు. అగ్నిలోంచి కవచం, ఖడ్గంతో ధృష్టద్యుమ్నుడు వచ్చాడు. వేదిలోంచి ద్రౌపది వచ్చింది. ఈవిడ వల్ల క్షత్రియ నాశనం అవుతుందని ఆకాశవాణి చెప్పింది. పుట్టిన నిమిషానికే పని అప్పజెప్పారన్నమాట, ఇద్దరికీ.

ఈ ఇంట్లోనే మూడో వ్యక్తి శిఖండి. కాశీరాజు కూతురు అంబ, భీష్ముడు తన తమ్ముడి కోసం స్వయంవరంలోంచి ఎత్తుకొచ్చిన ముగ్గురిలో పెద్దది, సాళ్వుణ్ణి ప్రేమించాను అంటే వదిలేశాడు, సాళ్వుడు వద్దన్నాడు, భీష్ముడు పెళ్ళి చేసుకోనన్నాడు, పరశురాముడు వచ్చి యుద్ధం చేసినా ఏమీ తేలలేదు, చివరికి నిప్పుల్లో దూకి ద్రుపదుడి ఇంట్లోనే మళ్ళీ పుట్టింది. అంటే చూడండి, ఒక్క ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒకళ్ళు భీష్ముడి కోసం, ఒకళ్ళు ద్రోణుడి కోసం, ఒకళ్ళు మొత్తం కురువంశం కోసం. మన పాండవులు ఆ ఇంటికి అల్లుళ్ళు.

ద్రుపదుడు కోరుకున్నది కూడా అదే. తనని కట్టి తీసుకెళ్ళినవాడే తనకి అల్లుడు కావాలని. ఎందుకంటే ద్రోణుడి చేతిలోంచి అర్జునుణ్ణి లాక్కోగలిగితే సగం గెలిచినట్టే. లక్కయింటి నుంచి తప్పించుకుని ఏకచక్రపురంలో భిక్షాటన చేసుకుంటున్న అయిదుగురు అన్నదమ్ములకి వెనకాల ఒక రాజ్యం, ఒక సైన్యం వచ్చింది ద్రౌపది పెళ్ళితోనే. ఈ సంగతి హస్తినాపురంలో అందరికంటే ముందు కర్ణుడికి అర్థమైంది, పాంచాలుడు సర్దుకోకముందే, కృష్ణుడు యాదవ సైన్యంతో రాకముందే మీద పడదాం అని సలహా ఇచ్చాడు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు వద్దని సగం రాజ్యం ఇప్పించారు. పాండవులకి ఖాండవప్రస్థం వచ్చింది అంటే వెనకాల పాంచాలం ఉండబట్టే.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. ధృష్టద్యుమ్నుడికి అస్త్రవిద్య నేర్పింది ఎవరు? ద్రోణుడే. నిన్ను చంపడానికే పుట్టాడు అని లోకమంతా అనుకుంటున్న కుర్రాణ్ణి ఇంటికి తీసుకొచ్చి నేర్పాడు. జరగాల్సింది తప్పదు, నా పేరు మాత్రం పోకూడదు అనుకున్నాడని భారతం చెప్తుంది. ఏకలవ్యుడి బొటనవేలు అడిగినవాడు కూడా ఈయనే. ఒక్క మనిషిలో ఆ రెండూ ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ పూర్తిగా అందదు. బహుశా శత్రువు కొడుకు విషయంలో ఉన్నతంగా ఉండటం ఆయనకి తేలికే, తన ముద్దుల శిష్యుడికి పోటీ వచ్చేవాడి విషయంలోనే కష్టం.

ఇప్పుడు కురుక్షేత్రానికి రండి. భగవద్గీత మొదలయ్యేది ఎక్కడ? ధృతరాష్ట్రుడి ప్రశ్న తర్వాత దుర్యోధనుడు ద్రోణుడి దగ్గరికెళ్ళి ఒక మాట అంటాడు. ఆచార్యా, ఆ సైన్యాన్ని చూడండి, ద్రుపదుడి కొడుకు, మీ శిష్యుడు, తెలివైనవాడు, ఎలా మోహరించాడో. చాలామంది గీత చదివేటప్పుడు దీన్ని దాటేసి అర్జునుడి విషాదానికి వెళ్ళిపోతారు. ఆగి చూడండి. పేరు చెప్పలేదు, ద్రుపదుడి కొడుకు అన్నాడు. వెంటనే మీ శిష్యుడు అన్నాడు. రెండు మాటల్లో పిండినీళ్ళ నుంచి ఇప్పటిదాకా ఉన్న కథంతా గుచ్చాడు. దుర్యోధనుడికి మనుషుల పాత గాయం ఎక్కడుందో బాగా తెలుసు, అదే అతని బలం.

కౌరవుల వైపు సేనాపతులు మారుతూ వచ్చారు, భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు సగం రోజు. పాండవుల వైపు 18 రోజులూ ఒక్కడే, ధృష్టద్యుమ్నుడు. భీముడూ కాదు అర్జునుడూ కాదు, పాంచాలుడు. భీష్ముడు పడిపోయింది శిఖండి ముందు నిలబడితే. 15వ రోజు తెల్లవారుజామున, అంతకుముందు రాత్రంతా కాగడాల వెలుతురులో యుద్ధం చేసి అలిసిపోయి ఉన్నారు అందరూ, ద్రోణుడు ముందు ద్రుపదుడి మనవలు ముగ్గుర్ని చంపాడు, తర్వాత ద్రుపదుణ్ణి చంపాడు. చిన్నప్పుడు ఒకచోట ఆడుకున్నవాళ్ళు. ఆ రోజే అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిపోవడం, ధర్మరాజు మాట, ద్రోణుడు ఆయుధం వదిలేసి రథంలో కూర్చోవడం, అది మీకు తెలుసు. అర్జునుడు దూరం నుంచి అరుస్తున్నాడు, చంపొద్దు, ఆచార్యుణ్ణి ప్రాణాలతో తీసుకురా అని. ధృష్టద్యుమ్నుడు వినలేదు. జుట్టు పట్టుకుని తల నరికేశాడు. ద్రుపదుడు, ద్రోణుడు ఒకే రోజు పోయారు.

ఆ వెంటనే పాండవ పక్షంలోనే గొడవ, గెలిచినవాళ్ళ మధ్య. అర్జునుడు కుమిలిపోతున్నాడు. సాత్యకి ధృష్టద్యుమ్నుణ్ణి తిట్టాడు, గురువుని అలా చంపుతావా అని. ధృష్టద్యుమ్నుడు ఊరుకుంటాడా, నువ్వు నిన్న భూరిశ్రవుణ్ణి ఎలా చంపావో మర్చిపోయావా అన్నాడు. ఇద్దరూ కొట్టుకోబోతే భీముడు సాత్యకిని గట్టిగా పట్టుకుని ఆపాల్సొచ్చింది.

(సభలోంచి ఒకరు: సార్, భూరిశ్రవుడి కథ కొంచెం చెప్పండి, చాలామందికి తెలీదు.)

చెప్తానండీ, అదే తర్వాత చెప్పబోతున్నాను. మన నాటకాల్లో రాయబారం సీను దాకా ఇంటింటికీ తెలుసు గానీ ఇది స్టేజి మీదకి పెద్దగా రాలేదు, నాకు ద్రోణపర్వంలో అన్నిటికంటే మనసు పట్టేసిన భాగం ఇదే.

శంతనుడికి అన్న బాహ్లికుడు, అంటే భీష్ముడికే పెదనాన్న. ఆయన కొడుకు సోమదత్తుడు, అతని కొడుకు భూరిశ్రవుడు. అంటే కురువంశమే. ఇటు సాత్యకి యాదవుడు, అతని తాత శిని. చాలా ఏళ్ళ కిందట దేవకుడి కూతురు దేవకికి స్వయంవరం, అవును, కృష్ణుడి తల్లి దేవకే. శిని వచ్చి వసుదేవుడి కోసం ఆ అమ్మాయిని రథమెక్కించుకున్నాడు. సోమదత్తుడు అడ్డం తిరిగాడు, ఇద్దరూ సగం రోజు కుస్తీ పట్టారు, శిని ఇతన్ని కింద పడేసి జుట్టు పట్టుకుని, కత్తి ఎత్తి, రాజులందరూ చూస్తుండగా కాలితో తన్నాడు. తన్ని, పోనీలే బతుకు అని వదిలేశాడు. నరికేస్తే అయిపోయేదేమో, వదిలేసిన తన్ను మాత్రం మిగిలిపోయింది. సోమదత్తుడు శివుడి కోసం తపస్సు చేసి ఏం కోరుకున్నాడు? రాజ్యమా, మోక్షమా? శిని వంశంవాణ్ణి అలాగే రాజుల మధ్య పడేసి తన్నే కొడుకు కావాలి. ఇచ్చాడు శివుడు. ఆ కొడుకే భూరిశ్రవుడు. మళ్ళీ అదే పద్ధతి, పిల్లాడు పుట్టకముందే వాడి పని రాసేసి ఉంది.

యుద్ధంలో అయిదో రోజు భూరిశ్రవుడు సాత్యకి కొడుకుల్ని పదిమందినీ చంపాడు. 14వ రోజు, అర్జునుడు సూర్యాస్తమయంలోపు సైంధవుణ్ణి చంపుతానని ప్రతిజ్ఞ చేసి లోపలికి వెళ్ళిపోయాడు, ధర్మరాజు కంగారుపడి అతని క్షేమం చూసిరమ్మని సాత్యకిని పంపాడు, సాత్యకి మొత్తం ద్రోణుడి సైన్యాన్ని చీల్చుకుంటూ వచ్చేసరికి ఒంట్లో ఓపిక లేదు. అప్పుడు ఎదురైంది భూరిశ్రవుడు. పడేశాడు, ఈడ్చాడు, జుట్టు పట్టుకున్నాడు, రొమ్ము మీద తన్నాడు, కత్తి ఎత్తాడు. అచ్చంగా సాత్యకి తాత శిని చేసిందే, ఒక్కో భంగిమా అదే. కృష్ణుడు చూపిస్తే అర్జునుడు పక్కనుంచి బాణం వేసి ఆ కత్తి పట్టుకున్న చెయ్యి నరికాడు. వేరేవాడితో పోరాడుతున్న నన్ను చాటు నుంచి కొడతావా, ఇది నీకెవరు నేర్పారు అని భూరిశ్రవుడు అడిగాడు. అడిగి, ఇక యుద్ధం వద్దని ఎడమచేత్తో బాణాలు పరుచుకుని ప్రాయోపవేశానికి, అంటే ప్రాణం పోయేదాకా ఉపవాసానికి, కూర్చున్నాడు. సాత్యకి లేచాడు. కృష్ణుడు, అర్జునుడు, అవతలి వైపు కర్ణుడు, కృపుడు, అందరూ వద్దు వద్దు అని అరుస్తున్నారు, రెండు సైన్యాలూ ఒకే మాట అన్న సందర్భం బహుశా ఇదొక్కటే. సాత్యకి కళ్ళుమూసుకుని కూర్చున్నవాడి తల నరికేశాడు.

పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి. నేను అతన్ని తప్పు అని కొట్టిపారేయలేను, ఒప్పు అనీ అనలేను.

ఇక్కడితో అయిపోయిందా అంటే లేదు. 18వ రోజు రాత్రి. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు. మిగిలింది ముగ్గురు, అశ్వత్థామ, కృపుడు, యాదవుడైన కృతవర్మ. మర్రిచెట్టు కింద పడుకున్నారు, అశ్వత్థామకి నిద్ర రాలేదు, పైన ఒక గుడ్లగూబ వచ్చి నిద్రపోతున్న కాకుల్ని చంపుతుంటే చూశాడు. అదే ఐడియా అయింది. కృపుడు వద్దన్నాడు, వినలేదు. శిబిరంలోకి వెళ్ళి ముందు ధృష్టద్యుమ్నుడి డేరాకి వెళ్ళాడు. నిద్రలోంచి లేచిన ధృష్టద్యుమ్నుడు, ఆయుధంతో చంపు, వీరస్వర్గమైనా దక్కుతుంది అని బతిమాలాడు. గురువుని చంపినవాడికి ఏ లోకమూ లేదు అని కాళ్ళతో తొక్కి తొక్కి చంపాడు. నాకు అక్కడ పెద్ద వీరుడు కనబడడు, పిండినీళ్ళు తాగి గంతులేసి, అందరూ నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలీక నిలబడ్డ పిల్లాడే కనబడతాడు. శిఖండి పోయాడు, ద్రౌపది అయిదుగురు కొడుకులూ పోయారు, పాంచాలులు మిగల్లేదు. తప్పించుకుని పారిపోయేవాళ్ళని గుమ్మాల దగ్గర కృపుడు, కృతవర్మ నరికారు. తెల్లారేసరికి అటు ఏడుగురు, ఇటు ముగ్గురు. ఆ ఏడుగురు పాండవులు అయిదుగురు, కృష్ణుడు, సాత్యకి.

36 ఏళ్ళ తర్వాత ప్రభాస తీర్థం. యాదవులందరూ తాగి ఉన్నారు. సాత్యకి కృతవర్మని చూసి నవ్వాడు, నిద్రపోయేవాళ్ళని చంపిన క్షత్రియుడివి నువ్వు అని. కృతవర్మ ఎడమచెయ్యి చూపిస్తూ, చెయ్యి తెగి కూర్చున్నవాడి తల నరికిన వీరుడివి నువ్వు అన్నాడు. అంతే. 36 ఏళ్ళు ఒకే ద్వారకలో ఉన్నారు ఇద్దరూ, పండగలకి కలిశారు, పక్కపక్కన కూర్చుని తిన్నారు, ఆ రెండు మాటలూ లోపలే పెట్టుకున్నారు. సాత్యకి లేచి కృతవర్మ తల నరికాడు, మిగతావాళ్ళు సాత్యకిని చేతిలో ఉన్న తినే పాత్రలతోనే కొట్టి చంపారు, అడ్డొచ్చిన ప్రద్యుమ్నుడు పోయాడు, ఇక ఎవరు ఎవర్ని చంపుతున్నారో తెలీకుండా ఇల్లిల్లంతా పోయింది. ఇవాళ ఏ పార్టీలో గొడవొచ్చినా ముసలం పుట్టింది అంటాం చూడండి, ఆ ముసలం ఇదే. శాపం కూడా ఉంది, మునుల శాపం, గాంధారి శాపం, నేను కాదనను. కానీ శాపం నిప్పంటించిన చోట ఎండుగడ్డి ఏంటంటే దేవకి స్వయంవరంలో పడ్డ ఒక తన్ను.

ఇంతసేపూ పగ మోసినవాళ్ళ గురించే చెప్పాను, దింపేసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. శిశుపాలుడు మీకు తెలుసు, కృష్ణుడికి మేనత్త కొడుకు, రాజసూయంలో అందరి ముందూ చక్రంతో తల పోయింది. అతని కొడుకు ధృష్టకేతుడు. తండ్రిని చంపినవాళ్ళ మీద కత్తి కట్టడానికి ఇంతకంటే కారణం కావాలా? ఆ ధృష్టకేతుడు ఒక అక్షౌహిణి సైన్యం తీసుకుని పాండవుల వైపు వచ్చాడు, అతని చెల్లెల్ని నకులుడికి ఇచ్చారు, చివరికి ద్రోణుడి చేతిలో ప్రాణం ఇచ్చాడు. జరాసంధుడి కొడుకు సహదేవుడు కూడా అంతే, భీముడు తండ్రిని రెండుగా చీల్చాడు, కొడుకు పాండవ పక్షాన నిలబడ్డాడు. ఎందుకు దింపేశారో భారతం పెద్దగా వివరించదు. వాళ్ళమీద సినిమాలూ రాలేదు, పద్యాలూ పాడుకోం.

ద్రౌపది కూడా. పగ కోసమే వేదిలోంచి పుట్టించిన మనిషి. అన్న పోయాడు, తండ్రి పోయాడు, అయిదుగురు కొడుకులు ఒక్క రాత్రిలో పోయారు. అశ్వత్థామని చంపాలని, లేకపోతే ఇక్కడే ప్రాణం వదిలేస్తానని కూర్చుంది, అందులో దాపరికం లేదు. వాళ్ళు అతని తలలో మణి తీసుకొచ్చి ఇచ్చారు, ప్రాణం వదిలేశామన్నారు. అప్పుడావిడ గురువు కొడుకు నాకూ గురువే అని, ఆ మణి ధర్మరాజు తలమీద పెట్టమంది. మన పోతన భాగవతంలో అయితే ఇంకా ముందుకెళ్ళి, కట్టి తెచ్చిన అశ్వత్థామని వదిలెయ్యమని ఆవిడే అడుగుతుంది, నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదు అంటుంది. గుర్తుందా కృపి, ఇంట్లో పాలులేక పిల్లాడు ఏడుస్తుంటే చూసిన తల్లి. ద్రుపదుడి కూతురు ద్రోణుడి భార్య కోసం ఆలోచించింది. ఆ రెండిళ్ళ లెక్క అక్కడ మూసేసింది, ఆవిడ ఒక్కతే మూసేసింది.

ఇంకొక్క పది నిమిషాలు. అసలు ఈ కథ ఎక్కడ చెప్తున్నారు అనేది చూడాలి.

ఖాండవ దహనం అప్పుడు అర్జునుడు తక్షకుడి భార్యని చంపాడు, కొడుకుని మింగి దాచి తప్పించబోయిన తల్లి ఆవిడ. కొడుకు అశ్వసేనుడు బతికాడు. బతికి యుద్ధంలో కర్ణుడి బాణంలో దూరాడు, కృష్ణుడు రథాన్ని నేలలోకి నొక్కితే అర్జునుడి కిరీటం పోయింది, తల మిగిలింది. మళ్ళీ వెయ్యి అని వస్తే కర్ణుడు ఇంకొకడి బలంతో నేను గెలవను అన్నాడు, కర్ణుణ్ణి ఇష్టపడేవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ ముక్కే చూపిస్తాను. అశ్వసేనుడు అర్జునుడి చేతిలో పోయాడు. తర్వాత అర్జునుడి మనవడు పరీక్షిత్తుని, శృంగి శాపం సాకుగా, తక్షకుడు కాటేశాడు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు. ఉదంకుడనే ఆయన కుండలాల్ని తక్షకుడే ఎత్తుకుపోయాడు, ఆ కోపంతో ఉదంకుడు జనమేజయుడి దగ్గరికి వచ్చి నీ తండ్రిని చంపినవాణ్ణి ఇంకా వదిలేశావా అని రెచ్చగొట్టాడు. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగు భారతం మొదలుపెట్టినప్పుడు పాండవులు పుట్టడం కంటే చాలా ముందు ఈ ఉదంకుడి కథే చెప్తాడు, స్కూల్లో చదివినప్పుడు ఇదెందుకు ముందు పెట్టారా అని నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతోంది, యుద్ధం కథ వినే ముందు ఇంకా ఆరని నిప్పు దగ్గర కూర్చోబెట్టాడు మనల్ని.

జనమేజయుడు సర్పయాగం పెట్టాడు. పాములన్నీ, ఎవరికీ ఏ హానీ చెయ్యనివి కూడా, వచ్చి గుండంలో పడిపోతున్నాయి. ఆ యాగం విరామాల్లోనే అతను అడిగాడు, మా ముత్తాతల మధ్య ఆ గొడవ ఎలా వచ్చింది అని. వ్యాసుడు అక్కడే ఉన్నాడు, తన శిష్యుడు వైశంపాయనుణ్ణి చెప్పమన్నాడు. అంటే మనం ఇప్పుడు చెప్పుకున్నదంతా, పాలు, తన్ను, చెయ్యి, గుడ్లగూబ, అంతా మొదట విన్నది తండ్రి పగ తీర్చుకుంటూ మధ్యలో కూర్చున్న ఒక కొడుకు.

అక్కడికి ఒక కుర్రాడు వచ్చాడు, ఆస్తీకుడు. తండ్రి జరత్కారువు అనే ముని, తల్లి నాగజాతి, వాసుకి చెల్లెలు. రెండు వైపుల రక్తమూ ఉన్నవాడు. రాజుని మెప్పించాడు, వరం కోరుకో అన్నాడు రాజు. అప్పటికి తక్షకుడు మంత్రాలకి లాగబడి ఆకాశంలోంచి గుండం మీదకి జారుతున్నాడు, ఆస్తీకుడు పైకి చూసి ఆగు, ఆగు, ఆగు అన్నాడు. తక్షకుడు గాల్లో అలా నిలబడిపోయాడు. ఈ యాగం ఆపెయ్యి, ఇదే నాకు కావాల్సింది అన్నాడు కుర్రాడు. బంగారం ఇస్తాను, ఆవులిస్తాను, ఇది తప్ప ఇంకేదైనా అడుగు అని రాజు బతిమాలాడు. ఆస్తీకుడు మాట మార్చలేదు. చివరికి రాజు ఆపేశాడు.

భారతం ఆఖరి పర్వం ఆఖర్లో, స్వర్గం, దేవతలు అన్నీ అయిపోయాక, మళ్ళీ ఈ యాగశాలకే వస్తుంది కథ. పాముల్ని విడిపించినందుకు ఆస్తీకుడు సంతోషించాడు. జనమేజయుడు బ్రాహ్మణులకి దక్షిణలిచ్చి పంపించి, తక్షశిల నుంచి బయల్దేరి హస్తినాపురం వెళ్ళిపోయాడు.